చెప్పులు తొడుక్కున్న బావి

టేపక్క కుట్టు దుకాణం గుమ్మానికి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. "చెప్పులు విప్పి లోపలికి రండి" అని దాని మీద సుద్దముక్కతో రాసి ఉంటుంది. అరిగినప్పుడల్లా ఆమె మళ్ళీ దిద్దుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళు అది శుభ్రం కోసమనుకుంటారు. కానీ ఆ గది నిండా దారప్పోగులే, గుడ్డపీలికలే. ఎండ పడితే గాలిలో నూగు తేలుతూ కనబడుతుంది. ఆ మాట ఆమె కొలత కోసం రాసుకుంది. చెప్పుల మీద నిలబడ్డ మనిషి ఎత్తు మనిషిది కాదు, చెప్పులది అని ఆమెకు పని నేర్పిన తండ్రి అనేవాడు. మడమ కింద వేలెడు మందం ఉంటే లంగా వేలెడు పొడుగొస్తుంది. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పాక ఆ వేలెడూ నేల ఊడుస్తుంది. నింద మాత్రం దర్జీ మీద పడుతుంది.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ మిషను ముందే కూర్చుంది. మెడలో పసుపుపచ్చ టేపు, పెదవుల మధ్య రెండు గుండుసూదులు. సూదులు ఉన్నంతసేపూ మాట్లాడదు. లేనప్పుడు కూడా తక్కువే. పాలు చూస్తే ఇందులో నీళ్ళెన్ని అనుకునే మనిషి. నీళ్ళు చూస్తే ఇందులో ఇంకేం కలిసిందో అనుకునే మనిషి. బట్టల కొట్టువాడు రెండు మీటర్లని కోసిచ్చిన గుడ్డను అతని కళ్ళముందే మళ్ళీ కొలుస్తుంది. మొగుడు బతికుండగా అతని చొక్కా కొలత కూడా ఏటా కొత్తగా తీసేది. "నిన్నటి ఛాతీయే ఇవాళ ఉంటుందని ఏంటి నమ్మకం?" అనేది.

ఆమె కొలతల పుస్తకంలో పేర్లుండవు. ఒకరికి చుక్క, ఒకరికి ఆకు, ఒకరికి రెండు గీతలు. ఎవరి నడుము ఎంతో, ఎవరి భుజం ఏ వైపు వాలిందో, ఏ పెళ్ళికూతురు నెల తిరక్కుండానే కుట్లు వదులు చేయించుకుందో ఆ వీధి మొత్తానికి తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. ఆమె నోటి నుంచి ఒక్క అంకె బయటికి రాలేదు. నీళ్ళ శిక్షణకు మనుషుల్ని పంపాల్సి వచ్చినప్పుడు వీధి ఆమె పేరు తలచుకోవడానికి కారణం అదే.

ఆ వీధి వాలు మీద ఉంది. పన్నెండు ఇళ్ళ పెరళ్ళలో పన్నెండు బావులు. కిందటి ఎండాకాలం వాటిలో ఏడింటికి అడుగు కనబడింది. మిగిలిన అయిదింటి దగ్గర చేదల చప్పుడు కంటే తిట్ల చప్పుడు ఎక్కువగా వినిపించింది. ఈసారి ఎండలు ముదరకముందే ఒక కాగితం వచ్చింది. నీళ్ళను కాపాడుకోవడం, పంచుకోవడం నేర్పుతారట. వీధికి ఇద్దరు పెద్దలు రావాలట. పిండిమర ముందు అందరూ కూడారు. ఎవరి పేరు చెప్పినా ఇంకొకరికి అనుమానమే.

చివరికి లారీ డ్రైవరు ఒకడు ఆమెను చూపించాడు. పెద్ద గొంతు, రాత్రంతా బండి తోలి పగలంతా నిద్రపోయే మనిషి.

"మన వీధిలో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. టేపక్క నోట్లో రోకలి వేసినా నానుతుంది. ఆవిణ్ణి పంపండి."

ఆమె పెదవుల మధ్య సూదులు తీసింది. "నన్ను పంపితే నీకేంటి లాభం?"

"ఇదిగో, చూశారా! ఇలాంటి మనిషే కావాలి" అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. అతనికి ఎదురు చెప్పే ఓపిక ఎవరికీ లేక రెండో పెద్దగా అతన్నే పంపారు.

శిక్షణ ఆరు ఉదయాలు, ఒక బడిలో జరిగింది. చిన్నపిల్లల బల్లలు కాబట్టి పెద్దవాళ్ళందరూ మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. గోడ మీద ఎవరో పిల్లలు గీసిన చేప, దాని పక్కన దానికంటే పెద్ద సూర్యుడు. వచ్చినవాళ్ళకు తలా ఒక గుడ్డసంచి, పెన్సిలు ఇచ్చారు. ఊరికే ఎవరూ ఏదీ ఇవ్వరని తెలిసిన టేపక్క సంచిని తిరగేసి అడుగు చూసింది. ఒంటికుట్టు. "వారం ఆగదు" అని పక్కనున్న డ్రైవరుతో అంది. ఆ సాయంత్రమే దానికి రెండో కుట్టు వేసుకుంది.

నేర్పినావిడ మునుపు బోర్లు వేసే బండ్ల వెంట తిరిగి, ఏ లోతులో ఏ మన్ను పడిందో రాసుకునే ఉద్యోగం చేసిందట. ఎండకు కమిలిన ముఖం, చిన్న గొంతు. అందరూ నీళ్ళ టీచరమ్మ అనేవాళ్ళు. ఆమె ఒక గాజుతొట్టిలో ఇసుక పోసి, నీళ్ళు పోసి, రెండు మూలల్లో రెండు గొట్టాలు దించింది. ఒక గొట్టంలోంచి నీళ్ళు పీలుస్తుంటే రెండోదానిలో మట్టం తగ్గడం మొదలైంది. డ్రైవరు వంగి బల్ల కిందికి దూరాడు.

"ఏం వెతుకుతున్నారండీ?"

"ఆ రెండో గొట్టం కింద నుంచి ఎక్కడికైనా పోతోందా అని."

"ఎక్కడికీ పోలేదు. కింద ఉన్నది ఒకటే నీళ్ళు. బావి మీది, నీళ్ళు అందరివి. చెబుతున్నది అదే."

వెనక బల్లలో ఎవరో గొణిగారు. "ఇంకేం, అయిపోయింది. రేపు బావులకు తాళాలేస్తారు." ఆ మాట బల్లబల్లకూ పాకింది. టేపక్క కూడా అదే అనుకుంటోంది. అడిగి కొలిచేవాడు ఆ తర్వాత ఏం చేస్తాడు? కత్తిరిస్తాడు. ఆమెకు తెలిసిన లోకంలో కొలత తర్వాత వచ్చేది కత్తెరే.

టీచరమ్మ అది విన్నది. కోప్పడలేదు. "మీరు ఒకరినొకరు నమ్మాలని నేను చెప్పడం లేదు. నమ్మేటట్టయితే ఇక టేపెందుకు?" అని సంచిలోంచి ముప్పై మీటర్ల టేపు తీసింది. చివర ఇనపగుండు వేలాడుతోంది.

ఆ ఒక్క మాటకు టేపక్క మోకాళ్ళు సర్దుకుని ముందుకు జరిగింది. అక్కడి నుంచి ప్రతి మాటా రాసుకుంది. వారానికి ఒకసారి, ఒకే వేళకు కొలవాలి. కొలిచే గంట ముందు నుంచి ఎవరూ తోడకూడదు. ఎవరి బావి వాళ్ళు కొలుచుకోకూడదు. ఇద్దరు వెళ్ళాలి, ఒకరు కొలవాలి, ఒకరు రాయాలి. అంకెలు పుస్తకంలో దాచకూడదు, అందరికీ కనబడే గోడ మీద రాయాలి. బావి చుట్టూ ఉన్న పొట్టిగోడ మీద ఎర్ర రంగుతో ఒక గీత పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే టేపు దించాలి. "కొలత మొదలయ్యే చోటు కదిలిందా, ఆ కొలతకు విలువ లేదు" అని టీచరమ్మ అన్నప్పుడు టేపక్క లోపల్లోపల నవ్వుకుంది. ఇదేగా మా నాన్న చెప్పింది. చెప్పులు విప్పించమంటోంది, అంతే.

శిక్షణ అయ్యాక వీధి ఒక ఒప్పందానికి వచ్చింది. ఇంటి వాడకానికి తోడుకోవచ్చు. వ్యాపారానికి తోడేవాళ్ళు వాన పడేదాకా రోజుకు ముప్పై చేదలు దాటకూడదు. దాటితే ఆ బావి గిలక ఊడదీసి బడిలో పెడతారు. వ్యాపారానికి తోడేవాడు ఆ వీధిలో ఒక్కడే, బట్టలకు రంగులద్దే మనిషి. మోచేతుల దాకా నీలం ఇంకిపోయిన చేతులు. సబ్బుతో తోమినా పోవు, ఎండకు మాయవు. అతని పెరడు టేపక్క దుకాణానికి వెనకవైపు. ఇరవై ఏళ్ళుగా ఆమె లైనింగు గుడ్డలకు రంగు కలిపేది అతనే. ఒక్కసారి కూడా ఛాయ తప్పలేదు. ఆమె మాత్రం ప్రతిసారీ గుడ్డను ఎండలోకి పట్టుకెళ్ళి చూసేది.

మొదటి శనివారం అతని బావిలో నీళ్ళు గీతకు ఇరవై రెండు అడుగుల కింద ఉన్నాయి. ఆ పెరట్లో వాసాల మీద తడిబట్టలు, బావిగోడ మీద కూడా తడిబట్టలు. గీత ఉన్న చోట మాత్రం అతను బట్ట పక్కకు జరిపి చోటిచ్చాడు. డ్రైవరు కొత్త చొక్కా మీద నీలం చుక్క రాలింది. ఆ రోజు నుంచి అతను గేటు బయటే నిలబడి అంకె రాసుకునేవాడు.

రెండో శనివారం మూడు ఇంచీలు తగ్గింది. వీధిలో మిగతా బావులూ అంతే, మూడో నాలుగో. పిండిమర గోడ మీద నల్లరంగుతో ఆమె రాస్తుంటే ఆడవాళ్ళు బిందెలు దించి మరీ చూశారు.

మూడో శనివారం టేపు పైకి లాగి తడి అంచు చూసేసరికి ఆమె చేయి ఆగిపోయింది. మళ్ళీ దించింది. మూడోసారి దించింది. ఇరవై మూడు అడుగుల ఏడు ఇంచీలు.

"ఎంతక్కా?" గేటు దగ్గర నుంచి డ్రైవరు.

ఆమె టేపు మీది తడిని వేలితో మరోసారి తడిమింది.

"నీళ్ళు నమలకండక్కా, ఉన్నవే తక్కువ!"

చెప్పింది. డ్రైవరు ఈల వేశాడు. వారంలో అడుగు మీద నాలుగు ఇంచీలు. రంగులాయన ఆ పక్కనే తొట్టిలో కర్రతో బట్ట తిప్పుతున్నాడు. తల ఎత్తలేదు. తల ఎందుకు ఎత్తలేదు అని ఆమె అనుకుంది. ఎత్తి ఉంటే ఎందుకు ఎత్తాడు అనుకునేది. గోడ మీదికి వంగి లోపల ఎక్కడైనా పైపు దాచాడేమోనని వెతికింది. వంగడం కష్టమైంది. నడుము దగ్గర ఉండాల్సిన గోడ పక్కటెముకలకు తగిలింది. ఆమెకు అది వింతగా తోచలేదు. యాభై అయిదు దాటిన ఆడవాళ్ళ లంగాలను ఏటా వేలెడు మడిచి కుట్టే మనిషి ఆమె. వయసు మనుషుల్ని ఎలా కిందికి నొక్కుతుందో టేపు మీద చూసింది. ఇక నా వంతు కూడా వచ్చింది, కుంగిపోతున్నాను అనుకుంది. ఆ దిగులు నీళ్ళ దిగులుతో కలిసిపోయింది.

ఆ వారమంతా ఆమె వెనక కిటికీ దగ్గర మిషను పెట్టుకుని కుట్టింది. అక్కడి నుంచి బావి కనబడదు, అడ్డుగోడ మీద నుంచి వాసాల కొసలు, వాటి మీద ఊగే నీలం మాత్రమే కనబడతాయి. గిలక మాత్రం వినబడుతుంది. చేద పైకి వచ్చిన ప్రతిసారీ అది కిర్రుమంటుంది. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఆమె లెక్కపెట్టింది. ముప్పై. మర్నాడు కూడా ముప్పై. ఆ తర్వాత రోజూ ముప్పయ్యే.

"సరిగ్గా ముప్పైయేనా?" అంది ఆడపడుచు. ఆ ఇంట్లోనే ఉండి బొత్తాలు, కాజాలు కుట్టే మనిషి. వదిన అనుమానాలకు ఉప్పూకారం ఆవిడే జల్లుతుంది. "నిజాయితీగా తోడేవాడైతే ఒకరోజు ఇరవై ఎనిమిది, ఒకరోజు ముప్పై ఒకటి అవుతుంది కదా వదినా. సరిగ్గా ముప్పై అంటే ఎవరో లెక్కపెడుతున్నారని తెలిసినవాడే."

"నేనూ అదే అనుకుంటున్నా."

నాలుగో శనివారం మూడు ఇంచీలే తగ్గింది. మనం గమనించామని జాగ్రత్తపడ్డాడు అన్నాడు డ్రైవరు. ఎక్కువ తగ్గితే దొంగ, తక్కువ తగ్గితే తెలివైన దొంగ. ఆ తర్వాతి సోమవారం గిలక కిర్రుమనడం ఆగిపోయింది. టేపక్క మిషను పాదం పైకెత్తి, చేయి చక్రం మీద ఆనించి విన్నది. చేద నీటిని తాకిన చప్పుడు, నీళ్ళు తొట్టిలో పడిన చప్పుడు. మధ్యలో ఉండాల్సిన కిర్రు లేదు. ఎవరో గిలకకు నూనె పూశారు. ఇప్పుడిక ఎన్ని తోడుతున్నాడో ఎవరు లెక్కపెట్టగలరు?

అయిదో శనివారం ఇరవై నాలుగు అడుగుల రెండు ఇంచీలు. సాయంత్రం పిండిమర గోడ ముందు వీధి కూడింది. రంగులాయనను పిలిపించారు. అతను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, దాచుకున్నట్టు.

"గిలకకు నూనె ఎందుకు పూశావు?" డ్రైవరు మొదలుపెట్టాడు.

"మీరే కదా పూయమంది. పగలు నిద్ర పట్టడం లేదని మా గేటు దగ్గరకొచ్చి అరిచారు."

జనంలో నవ్వు. డ్రైవరు ముఖం ఎర్రబడింది. "నేను నూనె పూయమన్నా. నీళ్ళు తోడెయ్యమన్నానా?"

"ముప్పై దాటలేదండీ."

"మరి నీళ్ళెక్కడికి పోయాయి?"

"నాకెలా తెలుస్తుంది?" అతని గొంతు తగ్గింది. "టేపు మీ చేతుల్లో ఉంది."

ఆ మాట టేపక్కకు సూదిలా దిగింది. ముప్పై ఎనిమిదేళ్ళలో తన టేపును వేలెత్తి చూపినవాడు లేడు. "నా టేపు అబద్ధం చెప్పదు. ఒకటికి మూడుసార్లు దించాను" అంది. అంతే. ఆమె అంటే అయినట్టే. తొట్టిలో ఇప్పటికే కలిపిన రంగు పాడవకుండా బుధవారం దాకా గడువిచ్చారు. బుధవారం ఉదయం గిలక దిగాలి. దించేది టేపక్కే. రంగులాయన తల ఊపి వెళ్ళిపోయాడు. అతని వెనక నడుస్తూ అతని తల్లి కనబడింది. చూపు దాదాపు పోయిన ముసలావిడ. గోడలు తడుముకుంటూ నడుస్తోంది. వాన ఎప్పుడొస్తుందో తెలియదు. గిలక లేని బావి పక్కన ఎండిన తొట్టెలు ఎన్ని నెలలుంటాయో తెలియదు. టేపక్క అటువైపు చూడకుండా ఇంటికి వచ్చింది.

మంగళవారం పొద్దున్నే ఆమె కొత్త లంగా కట్టుకుంది. ఆదివారం ఖాళీగా ఉండి, కుంగిపోయానన్న లెక్కతో తన లంగా అంచును తానే పైకి మడిచి కుట్టుకుంది. గోడ ఎంత ఎత్తు తగిలిందో గుర్తు పెట్టుకుని, అంతా కాకపోయినా, నాలుగు వేళ్ళు. గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే ఆడపడుచు కాజా కుట్టడం ఆపేసి చూసింది.

"వదినా, నీళ్ళు ఇంకా రాలేదు. అప్పుడే ఎత్తికట్టావేంటి?"

"ఏమే, ఏమైంది?"

"చీలమండలు రెండూ బయటే ఉన్నాయి. ఏరు దాటేదానిలా ఉన్నావు."

టేపక్క అద్దంలో చూసుకుంది. నిజమే. "పొట్టిదాన్నైపోయానని మడిచా" అంది కాస్త సిగ్గుగా.

"ఎవరు చెప్పారు? నాకు అలాగే కనబడుతున్నావు. అదే తాటిచెట్టు."

ఆడపడుచు మాట నమ్మే అలవాటు ఆమెకు లేదు. గుమ్మం చట్రం మీద పెన్సిలు గీత ఒకటి ఉంది, మిషను కొన్న ఏడాది తండ్రి ఆమెను నిలబెట్టి తల మీద స్కేలు ఆనించి గీసింది. చెప్పులు విప్పింది. వీపు చట్రానికి ఆనించింది. "స్కేలు పెట్టి చూడు, వంకరగా పెట్టకు" అంది. ఆడపడుచు ముక్కాలిపీట ఎక్కి పెట్టింది. స్కేలు గీతకు ఒక దారప్పోగు మందం కిందికి వచ్చింది.

"చూశావా? ఎక్కడికీ పోలేదు నువ్వు. ఇదిగో, ఇక్కడే ఉన్నావు."

టేపక్క చట్రానికి ఆనుకునే ఉండిపోయింది. తాను కుంగలేదు. కానీ గోడ పక్కటెముకలకు తగిలింది. అది కల కాదు, ఆ నొప్పి ఇప్పటికీ ఉంది. తాను దిగకపోతే పైకి వచ్చింది ఏది? ఆమె చేయి తనకు తెలియకుండానే పక్కటెముకల మీదికి వెళ్ళింది. తర్వాత నడుము మీదికి. ఆ రెండింటి మధ్య ఎంతో టేపు లేకుండానే ఆమెకు తెలుసు. ఎంతమంది ఆడవాళ్ళకు కొలిచిందో ఆ చోటు.

మడిచిన లంగాతోనే, చీలమండలు కనబడుతుండగానే వీధి చుట్టి రంగులాయన గేటు తీసింది.

అతను తొట్టి దగ్గర ఉన్నాడు. "రేపు కదక్కా గిలక?" అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు.

ఆమె బావిగోడ మీద తడిబట్టలను రెండు చేతులతో ఎత్తి పక్కకు వేసింది. కింద పాత ఇటుక, కాలంతో నల్లబడింది. దాని పైన మూడు వరసల కొత్త ఇటుక. సిమెంటు ఇంకా లేత రంగులోనే ఉంది. అన్నిటికంటే పైన శ్రద్ధగా, పాత గీతకు సరిగ్గా ఎగువన, అంతే పొడుగున, కొత్త ఎర్ర గీత.

"ఇది ఎప్పుడు కట్టావు?"

"మీరు రెండోసారి కొలిచి వెళ్ళిన తర్వాత, అదే వారంలో. అమ్మ తడుముకుంటూ వచ్చి గోడ మీద నుంచి ముందుకు తూలింది. నేను పక్కనే ఉన్నా కాబట్టి సరిపోయింది. ఆ మధ్యాహ్నమే మూడు వరసలు పేర్చేశా." కాస్త ఆగి అన్నాడు. "గీత పోతే మీరు కోప్పడతారని అదే రంగు తెచ్చి పైన గీశా. బాగా రాలేదా?"

"బాగా వచ్చింది" అంది ఆమె. గోడ మీద కూర్చోబోయి, కూర్చోలేదు. "మొన్న అంతమందిలో ఈ మాట ఎందుకు చెప్పలేదు తమ్ముడూ?"

"గోడ సంగతి మీరెవరూ అడగలేదు కదక్కా. నీళ్ళెక్కడికి పోయాయని అడిగారు."

అతను అబద్ధమాడుతున్నాడేమోనని ఆమె ముఖంలోకి చూసింది. అలవాటు. తర్వాత మెడలోని టేపు తీసి కొత్త వరసలు కొలిచింది. పన్నెండు ఇంచీలు. బావి చెప్పులు తొడుక్కుని నిలబడితే, చెప్పులు విప్పమనడం మరిచిపోయింది తాను. పైపు కోసం వెతికింది, మొహంలో దొంగతనం వెతికింది, కిర్రుల్లో వెతికింది. ఏ గోడ మీద చేయి ఆనించి వెతికిందో ఆ గోడను చూడలేదు.

సాయంత్రం పిండిమర ముందు ఆమే అందర్నీ పిలిచింది. చెప్పడం మొదలుపెట్టగానే గుసగుసలు లేచాయి.

"శనివారం దొంగ, మంగళవారం దొర. మధ్యలో ఏం జరిగిందో!" అంది ఒక బిందె ఆవిడ.

"ఆవిడ లైనింగులన్నీ అతనేగా రంగేసేది" అంది ఇంకో గొంతు, వెనక నుంచి.

టేపక్కకు చెవులు వేడెక్కాయి. ఇలా ఉంటుందన్నమాట, చూపులన్నీ మన మీద ఉంటే. మొన్న ఇదే చోట అతను నిలబడ్డాడు. చేతులు ఎందుకు వెనక్కి కట్టుకున్నాడో ఇప్పుడు తెలిసింది. తన చేతులు కూడా అక్కడికే పోతున్నాయి.

"నన్ను నమ్మమని అడగడం లేదు. నేను మాత్రం మిమ్మల్ని నమ్మానా? రండి, మీరే కొలవండి" అంది.

వీధి వీధంతా ఆ పెరట్లోకి దూరింది. డ్రైవరు ఈసారి గేటు దగ్గర ఆగలేదు. పాత నల్ల ఇటుకకూ కొత్త ఇటుకకూ మధ్య జారిన సిమెంటును తన బండి తాళంచెవితో గీకాడు. పెచ్చు ఊడింది. లోపల ఎర్రగా పాత గీత కొస కనబడింది. దాన్ని వేలితో రుద్దాడు, ఆ వేలిని వెలుతురులో పెట్టి చూశాడు, కొత్త రంగు అంటుకుందేమోనని. అంటుకోలేదు. టేపు దించాడు. పాత గీత నుంచి ఇరవై మూడు అడుగుల నాలుగు ఇంచీలు, కొత్త గీత నుంచి ఇరవై నాలుగు అడుగుల నాలుగు. వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాడు. మిగతా బావుల్లో ఇన్నాళ్ళకు తగ్గింది అంతే, ఇదీ అంతే.

"సరే, ఒప్పుకుంటా. కానీ సరిగ్గా ముప్పై ఎందుకు తోడతాడు? అది మాత్రం నాకు అంతుపట్టడం లేదు" అన్నాడు చివరికి.

"తొట్టి పట్టేది ముప్పయ్యే అన్నయ్యా" అన్నాడు రంగులాయన.

ఎవరో ఫక్కున నవ్వారు. ముసలావిడ కొత్త గోడ మీద రెండు చేతులూ ఆనించి, ఇంతమంది ఎందుకొచ్చారో తెలియక, అందరికీ మంచినీళ్ళివ్వమని కొడుకుతో అంది.

బుధవారం ఉదయం గిలక దిగలేదు. ఆ వేళకు టేపక్క నల్లరంగు డబ్బాతో పిండిమర గోడ దగ్గర ఉంది. మూడు శనివారాల అంకెల మీద అడ్డగీత కొట్టి పక్కన సరైనవి రాసింది. చెరపలేదు, పాతవి కూడా కనబడేలా వదిలింది. కింద చిన్నగా "కొలిచిన మనిషి తప్పు" అని రాసింది. ముప్పై ఎనిమిదేళ్ళలో తన చేతివ్రాతలో ఆమె బయటపెట్టిన మొదటి రహస్యం అది. రాశాక రెండడుగులు వెనక్కి వేసి, అక్షరాలు వంకరపోయాయేమోనని చూసుకుంది.

లంగా అంచు విప్పేసింది. దర్జీ కాబట్టి మొన్న కోయలేదు, మడిచే కుట్టింది. మడత గీత మాత్రం ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు.

తర్వాతి శనివారం రంగులాయన గేటు దగ్గరే ఎదురొచ్చాడు. అతని నీలం చేతిలో ఒక కొత్త టేపుంది. ఎక్కడో కొనుక్కొచ్చుకున్నాడు.

"ముందు గోడ కొలుద్దాం అక్కా. నేల నుంచి పైదాకా. అది కూడా పిండిమర గోడ మీద రాయండి. తర్వాత నీళ్ళు."

"ప్రతి వారమా?"

"ప్రతి వారం. మీరు మళ్ళీ మరిచిపోరని ఏంటి నమ్మకం?"

గేటు బయట డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. టేపక్క అతని వైపు చూడలేదు. ఇంకొకరి నోటి నుంచి తన మాట వినడం ఆమెకు అదే మొదటిసారి. అది అంత బాగుండదని తెలిసింది.

రంగులాయన వంగి టేపు కొసను నేలకు నొక్కి పట్టాడు. రెండో కొస ఆమె అందుకోబోయింది. అతను ఆమె పాదాల వైపు చూశాడు.

"చెప్పులు విప్పండక్కా" అన్నాడు.

"నన్ను కొలుస్తున్నావా, గోడనా?"

"గోడనే. కానీ మీరు ఏ ఎత్తున నిలబడి చదువుతున్నారో నాకు తెలియాలి కదా."

ఆమె అతన్ని చూసింది. వెక్కిరింపో, నిజంగానే అనుమానమో తేలలేదు. గోడ పక్కన చెప్పులు విప్పి నిలబడింది. నేల రంగునీళ్ళతో తడిగా ఉంది, చల్లగా ఉంది. అంకె గట్టిగా చదివింది. డ్రైవరు రాసుకున్నాడు. తర్వాత ఇనపగుండు చీకట్లోకి దిగింది, దూరంగా నీళ్ళను తాకింది.

పని అయ్యాక చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చింది. పదకొండు బావులు మిగిలి ఉన్నాయి. వాటి గోడలన్నీ కొలవాలి ఇవాళ. వీధి వాలు మీద ఆమె వెనక ఆమె పాదాలే నీలంగా ఒకటి తర్వాత ఒకటి అచ్చుపడుతూ వచ్చాయి. ఎక్కడి నుంచి బయలుదేరిందో, ఎవరి గేటులోకి వెళ్ళిందో అనుమానమున్నవాళ్ళు చూసుకోవచ్చు. ఆమె వాటిని చెరపలేదు.